ఒకే సిస్టమ్, ముగ్గురు ఆపరేటర్లు: ఫాంట్లు ఎవరి లాగిన్‌లో వేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చిత్తూరులో మీది చిన్న డీటీపీ షాపు. ఒకే సిస్టమ్ మీద మీరు, మీ తమ్ముడు, సాయంత్రం పూట వచ్చే ఒకమ్మాయి వేర్వేరు లాగిన్లతో పని చేస్తారు. మీరు వేసిన ఫాంట్ తమ్ముడి లాగిన్‌లో కనబడదు. తమ్ముడు వేసింది ఆ అమ్మాయికి రాదు. దాంతో ఎవరికి వారు పెన్‌డ్రైవ్ నుంచి మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోయారు. ఇప్పుడు ఫాంట్ల లిస్టు ఎంత కిందికి జరిపినా చివర దొరకడం లేదు, డిజైన్ ప్రోగ్రామ్ కోరల్‌డ్రా తెరుచుకోవడానికే మూడు నిమిషాలు పడుతోంది. వచ్చే నెల రెండో సిస్టమ్ కొంటున్నారు. వీటిని ఎలా సర్దాలి, రెండు సిస్టమ్‌లకూ ఎలా పంచాలి?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఫాంట్‌ను మనిషికి వేయకండి, మెషిన్‌కు వేయండి. ఫాంట్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్' నొక్కడం ఈ రోజు నుంచే మానేయండి. ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అని వస్తుంది, అది నొక్కండి. ఫాంట్ ఫైళ్ల అసలు కాపీలన్నీ డి డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. అందులో కొత్త ఫైల్ పెట్టేది, మెషిన్‌కు ఎక్కించేది మీ ముగ్గురిలో ఒక్కరే. రెండో సిస్టమ్ వచ్చాక ఆ ఫోల్డర్‌నే దానిలోకి కాపీ చేసి, అక్కడ కూడా ఇలాగే అందరికీ వర్తించేలా వేయండి. నెట్‌వర్క్‌లో పెట్టి అక్కడి నుంచే ఫాంట్లు నడపాలని మాత్రం చూడకండి. ఎందుకో కింద చెబుతాను.

తిరుపతిలో 23 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, బిల్ పుస్తకాలు, ఫ్లెక్సీ డిజైన్లు, విద్యార్థుల థీసిస్‌లు, దేవాలయాల వాళ్లు వేయించుకునే చిన్న పుస్తకాలు అన్నీ చేశాం. ఇప్పుడు మా షాపులో నాలుగు సిస్టమ్‌లు, రెండు షిఫ్టుల్లో ఏడుగురు వాడతారు. మీకొచ్చిన ఇబ్బంది ప్రతిదీ మాకూ వచ్చింది, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఈ గొడవ ఎక్కడ మొదలైందో చెబుతాను. విండోస్ 7 రోజుల్లో ఫాంట్ వేస్తే అది నేరుగా సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి 'ఫాంట్స్'లోకి వెళ్లేది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటేనే ఎక్కేది, ఎక్కితే అందరికీ కనబడేది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్, అంటే 1809 వెర్షన్, ఈ పద్ధతిని మార్చింది. అడ్మిన్ హక్కు లేనివాళ్లు కూడా తమ వరకు ఫాంట్ వేసుకునే వీలు ఇచ్చింది. అప్పటి నుంచి మామూలు 'ఇన్‌స్టాల్' నొక్కితే ఫాంట్ ఆ లాగిన్ సొంత ఫోల్డర్‌లోకి పోతుంది. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు, దాని లోపల యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్, ఇదీ దారి. యాప్‌డేటా దాచిన ఫోల్డర్ కనుక మామూలుగా కంటికి కనబడదు. పక్క లాగిన్‌కు అందులోకి చూసే వీలు లేదు. ఇంట్లో ఒక్కరే వాడుకునే లాప్‌టాప్‌కు ఈ పద్ధతి బాగానే ఉంటుంది. ముగ్గురు ఒకే ఫైల్ మీద చేతులు మార్చుకుంటూ పని చేసే షాపుకు మాత్రం ఇది ప్రమాదం. పైగా కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌ను తప్ప వేరే చోటు చూడవు. అలాంటప్పుడు ఫాంట్ వేసుకున్న మనిషికే అది కనబడదు. 'వేశాను, అయినా రావడం లేదు' అని మా దగ్గర ఎన్నిసార్లు టెన్షన్ పడ్డారో లెక్క లేదు.

దీన్ని చిన్న విషయమని ఎందుకు వదిలేయకూడదో మా షాపులో జరిగిన ఒక సంగతి చెబుతాను. 2019లో, పెళ్లిళ్ల సీజన్. పీలేరు వైపు నుంచి వచ్చిన పెళ్లివారు 500 శుభలేఖలకు ఆర్డర్ ఇచ్చారు. పగలు పని చేసే అమ్మాయి తన పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఒక తెలుగు ఫాంట్‌ను డబుల్ క్లిక్‌తో వేసుకుని, మ్యాటర్ కొట్టి, ప్రూఫ్ తీసింది. పెళ్లికూతురి తండ్రి ప్రతి అక్షరం చదివి సంతకం పెట్టి వెళ్లారు. రాత్రి ఇంకో కుర్రాడు తన లాగిన్‌లో అదే ఫైల్ తెరిచాడు. ఫాంట్ లేదు, బదులు ఏది వాడాలి అని కోరల్ అడిగింది. లిస్టులో దాదాపు అదే పేరుతో పాత వెర్షన్ ఒకటి ఉంటే అది ఎంచుకున్నాడు. తెర మీద చూస్తే అంతా బాగానే ఉంది. ఆ రెండు వెర్షన్లలో ఒకే ఒక్క ఒత్తు వేరే స్థానంలో ఉంది. పెళ్లికూతురి పేరులో ఆ ఒత్తే ఉంది. ప్రూఫ్ మీద సంతకం ఉంది కదా అని ఎవరూ మళ్లీ చదవలేదు. ప్లేటు చేశారు, 500 కార్డులూ అచ్చయ్యాయి.

కార్డులు చూసిన ఆ తండ్రి గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. పెళ్లి కార్డు మీద బిడ్డ పేరు తప్పు పడితే కన్నవాళ్లకు ఎలా ఉంటుందో ఆయన ముఖంలోనే చూశాను. మా ఖర్చుతో రెండు రోజుల్లో మళ్లీ వేసి, నేనే వాళ్ల ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. ఆ వారంలోనే మా నాలుగు సిస్టమ్‌ల ఫాంట్లూ విప్పి మళ్లీ సర్దాను. ఈరోజు మీకు చెబుతున్న పద్ధతి అప్పుడు పెట్టుకున్నదే.

ఆ పొరపాటు అంత సులువుగా ఎలా జరిగిందో అర్థం కావాలంటే మన తెలుగు ఫాంట్లలో రెండు జాతులున్నాయని గుర్తుంచుకోవాలి. ఒకటి అను లాంటి పాత పద్ధతి ఫాంట్లు. వీటిలో తెలుగు అక్షరాల ముక్కలు, అంటే తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు లాంటివి, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ ఉన్న స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫైల్‌లో దాచేది నిజానికి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, ఫాంట్ వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంట్ లేకపోతే మ్యాటర్ మొత్తం అర్థం లేని గుర్తులుగా మారిపోతుంది. అచ్చం అదే ఫాంట్ కాకుండా దగ్గరిది పెడితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే తప్పు కంటికి ఆనదు. రెండోది యూనికోడ్ ఫాంట్లు. యూనికోడ్‌లో తెలుగుకు సొంతంగా 128 స్థానాలున్నాయి, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు. ఫైల్‌లో ఉన్నది నిజమైన తెలుగు. ఫాంట్ లేకపోయినా సిస్టమ్ ఇంకో తెలుగు ఫాంట్‌లో చూపిస్తుంది. అందం, లైన్ల కొలత మారతాయి కానీ 'లక్ష్మి' మాత్రం 'లక్ష్మి'గానే ఉంటుంది.

కాబట్టి పాత పద్ధతి ఫాంట్లు ఒక్కటి కూడా ఎవరి సొంత లాగిన్‌లోనూ ఉండకూడదు. యూనికోడ్ ఫాంట్ ఒకటి పొరపాటున ఎవరి లాగిన్‌లోనో ఉండిపోయినా అక్షరం మారదు. పాత పద్ధతి ఫాంట్ల విషయంలో మాత్రం పట్టు వదలకండి.

ఇప్పుడు మీ సిస్టమ్‌ను బాగు చేసే పని. ఇందుకు పని లేని ఒక పూట పెట్టుకోండి. ముగ్గురూ కోరల్, ఫోటోషాప్, పేజ్‌మేకర్ అన్నీ మూసి సైన్ అవుట్ కావాలి. 'స్విచ్ యూజర్' కొట్టి వెనకాల ప్రోగ్రామ్‌లు తెరిచి ఉంచితే ఫాంట్ వాడకంలో ఉందని తీయనివ్వదు. కొత్తగా వేసింది కూడా ఆ తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లో వెంటనే కనబడకపోవచ్చు.

తర్వాత ఒక్కొక్క లాగిన్‌లోకి వెళ్లండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన అడ్రస్ గడిలో శాతం గుర్తు, లోకల్‌యాప్‌డేటా, మళ్లీ శాతం గుర్తు కొట్టి ఎంటర్ నొక్కితే ఆ దాచిన ఫోల్డర్ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్. అందులో ఉన్నవన్నీ డి డ్రైవ్‌లో ఆ లాగిన్ పేరుతో ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. ముగ్గురివీ ఇలా అయ్యాక పక్కపక్కన పెట్టి చూడండి. ఎన్ని ఫాంట్లు మూడేసి చోట్ల ఉన్నాయో మీకే తెలుస్తుంది. కాపీ తీసుకున్నాకే సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, ఫాంట్స్ లోకి వెళ్లి ఆ లాగిన్ సొంతవి తీసేయాలి. అక్కడ ఏదైనా ఫాంట్ మీద నొక్కితే ఫైల్ ఎక్కడుందో దారి చూపిస్తుంది. ఆ దారిలో యూజర్స్ అని ఉంటే అది ఒక మనిషి ఫాంట్. విండోస్, ఫాంట్స్ అని ఉంటే మెషిన్ ఫాంట్. తీయకుండా అందరికీ మళ్లీ వేస్తే ఒకే పేరుతో రెండు కూర్చుంటాయి, ఏ పనిలో ఏది పలుకుతుందో చెప్పలేం.

ఇక అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఏరడంలో. ఒక్క విషయం గమనించండి: సాఫ్ట్‌వేర్ లిస్టులో కనబడే పేరు ఫైల్ పేరు కాదు, ఫాంట్ లోపల రాసి ఉన్న పేరు. ఫైల్ పేరును మీరు ఎలా మార్చినా లోపలి పేరు మారదు. అందుకే వేర్వేరు ఫైల్ పేర్లతో ఉన్న రెండు ఫాంట్లు లోపల ఒకే పేరుతో ఉండవచ్చు, ఒకదాన్ని వేస్తే ఇంకొకటి పోవచ్చు. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే నమూనా కిటికీలో లోపలి పేరు, వెర్షన్ రెండూ కనబడతాయి. చూడటానికి మాత్రం డబుల్ క్లిక్ చేయండి, అందులోని ఇన్‌స్టాల్ బటన్ మాత్రం నొక్కకండి. ఒకే పేరుతో రెండు వెర్షన్లు దొరికితే, పాత పనులు ఏ వెర్షన్‌తో చేశారో కనుక్కుని దాన్నే మెషిన్‌కు వేయండి. రెండోదాన్ని చెరిపేయకుండా 'వాడకండి' అనే ఫోల్డర్‌లో పెట్టండి. ఎప్పుడో ఒక కస్టమర్ ఐదేళ్ల కిందటి ఫైల్‌తో వస్తారు, అప్పుడు పనికొస్తుంది.

మెషిన్ మీద ఎన్ని ఉండాలి? మా షాపులో ప్రతి సిస్టమ్‌కూ విండోస్‌తో వచ్చినవి కాక రెండు వందల లోపే ఉంచుతాం. అసలు ఫోల్డర్‌లో మూడు వేలకు పైగా ఉన్నాయి. వాడనివి ఫోల్డర్‌లోనే నిద్రపోతాయి, అవసరమైన రోజు బయటికి వస్తాయి. మీ కోరల్ మూడు నిమిషాలు తీసుకోవడానికి పెద్ద కారణం ఈ లిస్టే అని నా అనుమానం. తెరిచేటప్పుడు ప్రతి ఫాంట్‌నూ తడిమి చూసుకుంటుంది. మా పాత మెషిన్ ఒకటి ఫాంట్లు తగ్గించిన రోజే తేలికపడింది, ర్యామ్ కూడా వేయలేదు. ఎప్పుడో ఒకసారి వాడే అలంకారపు ఫాంట్ల కోసం నెక్సస్‌ఫాంట్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ వాడుకోవచ్చు. ఫోల్డర్‌లో ఉన్నవాటిని వేయకుండానే చూపిస్తుంది, తెరిచి ఉన్నంతసేపు తాత్కాలికంగా వాడుకోనిస్తుంది. పాత పద్ధతి తెలుగు ఫాంట్లకు మాత్రం దీన్ని నమ్ముకోకండి. ప్రోగ్రామ్ మూసేస్తే ఫాంట్ పోతుంది, మళ్లీ మా శుభలేఖ కథే.

అసలు ఫోల్డర్‌ను మేం ఇలా విడదీశాం: తెలుగు యూనికోడ్, తెలుగు పాతవి, తమిళం, కన్నడ, హిందీ, ఇంగ్లీష్, గుర్తులు-బోర్డర్లు, వాడకండి. తెలుగు పాతవాటిలో మళ్లీ కంపెనీ వారీగా, వెర్షన్ వారీగా. అక్షర క్రమంలో అన్నీ ఒకే కుప్పగా పోస్తే రెండు నెలల్లో మళ్లీ చిందరవందర అవుతుంది. కొత్తగా ఏది వచ్చినా ముందు ఒక విడి ఫోల్డర్‌లోకి రావాలి, బాధ్యత ఉన్న మనిషి చూశాకే లోపలికి.

ఆ మనిషి ఎవరన్నది కూడా తేల్చుకోండి. మీ ముగ్గురి లాగిన్లూ మామూలు లాగిన్లే చేయండి, అడ్మిన్ లాగిన్ వేరేగా ఒకటి పెట్టండి. మామూలు లాగిన్‌లో 'ఆల్ యూజర్స్' నొక్కితే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ ఒకరి దగ్గరే ఉంటే ఫాంట్ వచ్చే దారి ఒకటే అవుతుంది. ఇది మీ తమ్ముడి మీద నమ్మకం లేక చేసే పని కాదని ముందే చెప్పండి. మా దగ్గర మొదట్లో కొంత అలక వచ్చింది. శుభలేఖ సంగతి అందరికీ తెలుసు కాబట్టి తొందరగానే సర్దుకున్నారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: మామూలు 'ఇన్‌స్టాల్' నొక్కితే పాస్‌వర్డ్ అడగదు, ఆ లాగిన్‌కు ఎక్కేస్తుంది. అందుకే పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, చేతికి అలవాటు కూడా కావాలి. నెలకోసారి ప్రతి లాగిన్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ తెరిచి ఖాళీగా ఉందా అని చూస్తాను. రెండు నిమిషాల పని.

చిన్న చిక్కులు రెండు. జిప్ ఫైల్ లోపల ఉండగా రైట్ క్లిక్ చేస్తే 'ఆల్ యూజర్స్' ఆప్షన్ రాదు, ముందు విప్పి బయట పెట్టాలి. విండోస్ 11లో అది పైకి కనబడకపోతే 'షో మోర్ ఆప్షన్స్' లోపల చూడండి.

ఇక మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది భాషలు. మీరు చిత్తూరులో ఉన్నారు, పక్కనే వేలూరు, గుడియాత్తం. తమిళం పని రాకుండా ఉండదు. మాకు తిరుపతిలో పురటాసి నెల వస్తే తమిళ భక్తుల కోసం హోటళ్లు, లాడ్జీలు, ట్రావెల్స్ వాళ్లు తమిళం బోర్డులు అడుగుతారు. కన్నడం, హిందీ కూడా వస్తాయి. ఒక్క బోర్డు మీదే మూడు భాషలుండటం మామూలే. ఇక్కడ కొత్త సిస్టమ్ కొనేవాళ్లు తెలుసుకోవలసినది ఒకటుంది. విండోస్ 8 నుంచి నిర్మల యూఐ అనే ఫాంట్ వస్తోంది, అందులో తెలుగు, తమిళం, కన్నడం, దేవనాగరి అన్నీ ఉన్నాయి. కానీ మన పాత ఫైళ్లలో విరివిగా ఉండే గౌతమి, వాణి, తమిళంలో లత, కన్నడంలో తుంగ, హిందీలో మంగళ్ విండోస్ 10 నుంచి మామూలుగా వేసి ఉండవు. వాటిని సెట్టింగ్స్‌లో 'ఆప్షనల్ ఫీచర్స్' నుంచి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్', 'తమిళ్ సప్లిమెంటల్ ఫాంట్స్' అని విడిగా తెచ్చుకోవాలి. అలా తెస్తే మెషిన్ మొత్తానికీ వస్తాయి, ఏ లాగిన్‌కు ఆ లాగిన్ వేయాల్సిన పని లేదు. పాత సిస్టమ్ నుంచి గౌతమి ఫైల్ పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చి వేసేవాళ్లను చాలామందిని చూశాను. విండోస్‌తో వచ్చిన ఫాంట్లను అలా ఇంకో సిస్టమ్‌కు కాపీ చేయడానికి లైసెన్స్ ఒప్పుకోదు, పైగా అసలు దారి ఇంత తేలిగ్గా ఉన్నప్పుడు ఆ అవసరమే లేదు.

తమిళంలో పాత పద్ధతి ఫాంట్లు మన అను కంటే చిక్కుగా ఉంటాయి. ఒక్కో రకంలో అక్షరాల స్థానాలు ఒక్కో తీరు. ఫైల్ మాత్రమే వచ్చి ఫాంట్ రాకపోతే ఏ రకమో కనుక్కోవడానికే సగం రోజు పోతుంది. అందుకని తమిళం పని తెచ్చేవాళ్లను ఫైల్‌తో పాటు ఫాంట్ కూడా అడగండి, లేకపోతే కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చి, ఇమ్మనండి.

ఇప్పుడు రెండో సిస్టమ్. 2016లో నాకు ఒక ఆలోచన వచ్చింది. ఫాంట్లన్నీ పెద్ద సిస్టమ్‌లో ఒక షేర్ ఫోల్డర్‌లో పెట్టి, మిగతావి అక్కడి నుంచే వాడుకుంటే కాపీల గొడవే ఉండదు కదా అని. విండోస్ కంట్రోల్ ప్యానెల్ ఫాంట్ సెట్టింగ్స్‌లో, ఫాంట్‌ను కాపీ చేయకుండా షార్ట్‌కట్‌తో వేసుకునే ఆప్షన్ ఉంది. అలాగే పెట్టాను. మూడు నెలలు బాగా నడిచింది. గంగమ్మ జాతర వారం వచ్చింది. ఊరంతా ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఊపిరాడని పని. అప్పుడే పెద్ద సిస్టమ్ పవర్ సప్లై కాలిపోయింది. అది ఆగిపోగానే మిగతా మూడింటిలో తెలుగు మొత్తం మాయం. సిస్టమ్‌లు బాగున్నాయి, కరెంటు ఉంది, ఆపరేటర్లు ఉన్నారు, ఫాంట్ ఒక్కటే లేదు. సగం రోజు చేతులు కట్టుకుని కూర్చున్నాం. ఆ రోజే అనుకున్నాను, ఫాంట్లను పంచుకోవడం అంటే ఫైళ్లను పంచుకోవడమే, నడుస్తున్న ఫాంట్‌ను పంచుకోవడం కాదు. షేర్ ఫోల్డర్ ఉండనివ్వండి, అది గోదాము. ప్రతి మెషిన్‌కూ తన సొంత కాపీ తన సి డ్రైవ్‌లో వేసి ఉండాలి. షేర్ ఫోల్డర్‌ను మిగతా లాగిన్లకు చదవడానికి మాత్రమే ఇవ్వండి, రాయడానికి వద్దు. లేకపోతే ఎవరో ఒకరు తొందరలో ఫైల్‌ను కాపీ చేయబోయి కట్ చేస్తారు.

గోదాముకు ఒక కాపీ బయట హార్డ్‌డిస్క్‌లో కూడా ఉండాలి. ఫార్మాట్ కొట్టించినప్పుడు సి డ్రైవ్‌లో ఉన్న ఫాంట్లన్నీ పోతాయి. లాగిన్ తీసేస్తే ఆ లాగిన్ సొంత ఫాంట్లు దానితోనే పోతాయి. పని మానేసి వెళ్లిన ఆపరేటర్ లాగిన్ చెరిపేశాక అతను చేసిన ఫైళ్లు తెరుచుకోకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఒక పని ఒకరి దగ్గర మొదలై ఇంకొకరి దగ్గర ముగిసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ప్రతి పనికీ ఒక ఫోల్డర్, అందులో ఫైల్‌తో పాటు వాడిన ఫాంట్లు కూడా ఉండాలి. పేజీలు కూర్చే ప్రోగ్రామ్ ఇన్‌డిజైన్‌లో 'ప్యాకేజ్' చేస్తే 'డాక్యుమెంట్ ఫాంట్స్' అనే ఫోల్డర్ తయారవుతుంది. ఫైల్ పక్కనే అది ఉంటే చాలు, వేయకుండానే ఆ ఫైల్ వరకు ఆ ఫాంట్లు పలుకుతాయి. ఇది నాకు చాలా నచ్చిన సౌకర్యం. కోరల్‌లో 'కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్' ఉంది, పేజ్‌మేకర్‌లో 'సేవ్ ఫర్ సర్వీస్ ప్రొవైడర్' ఉంది. ప్లేటుకో ఫ్లెక్సీ మెషిన్‌కో పోయే ఫైల్ మాత్రం తప్పకుండా కర్వ్స్ చేసి గానీ, ఫాంట్లు లోపల పొదిగిన పీడీఎఫ్‌గా గానీ వెళ్లాలి. ప్రూఫ్ తీసిన లాగిన్‌లోనే కర్వ్స్ చేయాలి, కర్వ్స్ చేశాక ఇంకో ప్రూఫ్ తీసి మొదటిదానితో పోల్చాలి. కర్వ్స్ చేసిన దాన్ని వేరే పేరుతో సేవ్ చేయండి, అసలు ఫైల్ మీద చేశారంటే రేపు ముహూర్తం సమయం మార్చమంటే మ్యాటర్ మళ్లీ కొట్టుకోవాల్సిందే.

మీరు పేజ్‌మేకర్ ఇంకా వాడుతున్నారని రాశారు కాబట్టి ఒక మాట. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు, చివరి వెర్షన్ 7.0 కూడా 2001 నాటిది. అందులో ఉన్నంతకాలం పాత పద్ధతి ఫాంట్లను వదల్లేరు. కొత్త పనులైనా యూనికోడ్‌లోకి తెచ్చుకోండి. ఇన్‌డిజైన్‌లో తెలుగు ఒత్తులు విడిపోతుంటే పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో 'వరల్డ్ రెడీ' కంపోజర్ ఎంచుకోవాలి, అది ఫాంట్ తప్పు కాదు. యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవన్న మాట ఇప్పుడు నిజం కాదు. సిలికానాంధ్ర సంస్థ వాళ్లు విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. నోటో సెరిఫ్ తెలుగు పుస్తకాలకు బాగుంటుంది. రామభద్ర లాంటి లావు అక్షరం ఫ్లెక్సీ శీర్షికలకు సరిపోతుంది. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నవి, అంటే ఎన్ని మెషిన్లకైనా, ఎంతమందికైనా వేయవచ్చు, కస్టమర్‌కు ఫైల్‌తో పాటు ఇవ్వవచ్చు. షాపులో పంచుకోవడానికి ఇంతకంటే తేలిక ఏముంది? డబ్బు పెట్టి కొన్న ఫాంట్ల సంగతి వేరు. ఎన్ని మెషిన్లకో, ఎంతమందికో వాటి లైసెన్స్ కాగితంలో రాసి ఉంటుంది. ఒక మెషిన్‌కు కొన్నది రెండో సిస్టమ్‌కు వేసే ముందు అది చదవండి, అవసరమైతే రెండో లైసెన్స్ తీసుకోండి. అక్షరాలు గీసేవాళ్లు నెలల తరబడి ఒక్కో ఒత్తు మీద కూర్చుంటారు. ఆ అక్షరాల మీదే మన ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

మ్యాక్, లినక్స్ గురించి కూడా రెండు ముక్కలు, మీ తర్వాత చదివేవాళ్లకు ఉపయోగపడతాయని. మ్యాక్‌లోనూ తేడా ఇదే. ఇంటి ఫోల్డర్‌లోని లైబ్రరీలో ఫాంట్స్ అంటే ఒకరికే. డిస్క్ పైమెట్టులో ఉన్న లైబ్రరీలో ఫాంట్స్ అంటే అందరికీ. సిస్టమ్ లోపలి లైబ్రరీ జోలికి వెళ్లకూడదు. ఫాంట్ బుక్ సెట్టింగ్స్‌లో ఎక్కడ వేయాలో ఒక్కసారి మార్చిపెడితే ప్రతిసారీ చూసుకోనక్కర్లేదు. లినక్స్‌లో అందరికీ కావాలంటే యూఎస్ఆర్, లోకల్, షేర్, ఫాంట్స్ దారిలో తెలుగు అని ఒక ఫోల్డర్ చేసి అందులో వేసి, ఫాంట్ల జాబితాను తాజా చేసే ఎఫ్‌సీ-క్యాష్ అనే కమాండ్ నడపాలి. తెలిసినవాళ్ల కాలేజీ ల్యాబ్‌లో ఒకసారి ఇలా వేసినా విద్యార్థుల లాగిన్లలో కనబడలేదు. చూస్తే ఫైళ్లను రూట్ (అంటే అడ్మిన్) లాగిన్ తప్ప ఇంకెవరూ చదవకుండా అనుమతులు పడి ఉన్నాయి. అందరూ చదవగలిగేలా ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755 అనే అనుమతులు ఇచ్చాక అందరికీ వచ్చాయి.

చివరగా, సర్దుడు అంతా అయ్యాక పరీక్ష ఇలా చేయండి. ఒక పేజీ తయారు చేసి, మెషిన్‌కు వేసిన ప్రతి తెలుగు ఫాంట్‌లో ఒకే వాక్యం పెట్టండి. చిక్కు అక్షరాలన్నీ అందులో ఉండాలి. మేం పెట్టుకున్నవి: లక్ష్మి, మత్స్యం, జ్ఞానం, స్త్రీ, రాష్ట్రం, స్వాతంత్ర్యం, కార్తీకం, కొన్ని అంకెలు, రూపాయి గుర్తు. పక్కన ఫాంట్ పేరు, వెర్షన్. ముందు మీ లాగిన్‌లో ప్రింట్ తీయండి. అదే ఫైల్ తమ్ముడి లాగిన్‌లో, ఆ అమ్మాయి లాగిన్‌లో, రేపు రెండో సిస్టమ్‌లో కూడా తెరిచి ప్రింట్ తీయండి. కాగితాలను ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టి చూడండి. అక్షరం మీద అక్షరం కూర్చుంటే పని అయినట్టే. కూర్చోకపోతే ఆ ఫాంట్ ఇంకా ఎవరి లాగిన్‌లోనో మిగిలి ఉంది, లేదా రెండు వెర్షన్లున్నాయి. మీ షాపులో ఏది తేడా కొట్టిందో ఫాంట్ పేరు, వెర్షన్, ఫైల్ దారితో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను. ఆ మొదటి ప్రింటును మాత్రం పారేయకుండా గోడకు అతికించండి, కస్టమర్లు ఫాంట్ ఎంచుకోవడానికి కూడా అదే చూపించవచ్చు.